పశ్చిమ ప్రకాశంలో క్రైస్తవ ప్రార్థనా క్రమం

ప్రార్థనా క్రమం అంటే క్రైస్తవ విశ్వాసి ప్రతిరోజూ నియమిత సమయంలో, నియమిత పద్ధతిలో ప్రార్థన చేయడానికి అలవరచుకొనే క్రమశిక్షణ. మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాలతో కూడిన పశ్చిమ ప్రకాశంలో ఈ క్రమానికి ఒక ప్రత్యేక చరిత్ర ఉన్నది. ఇక్కడ 19వ శతాబ్దంలో క్రైస్తవులైన వారిలో అత్యధికులు మాదిగ, మాల కులాలకు చెందిన శ్రామికులు. వారి పగలు, రాత్రి గ్రామ పెద్దల అధీనంలో ఉండేవి. కాబట్టి ప్రార్థనకు ఒక వేళను నిర్ణయించుకోవడం భక్తికి సంబంధించిన విషయమే కాక, తమ కాలంపై తమకు హక్కు ఉన్నదని చాటుకోవడం కూడా అయినది. ఈ కారణం వల్ల ఇక్కడి ప్రార్థనా క్రమం వ్యక్తి పట్టుదలపై కంటే పేట మొత్తం కలిసి పాటించిన నియమాలపై ఎక్కువగా ఆధారపడి పెరిగినది.

బైబిలు ఆధారాలు

నియమిత వేళల్లో ప్రార్థించడం యూదుల ఆచారం నుండి క్రైస్తవానికి వచ్చినది. దానియేలు గ్రంథం 6వ అధ్యాయంలో దానియేలు రాజు శాసనాన్ని లెక్కచేయక దినమునకు ముమ్మారు ప్రార్థించిన సంగతి ఉన్నది. 55వ కీర్తనలో సాయంకాలము, ఉదయము, మధ్యాహ్నము అనే మూడు వేళల ప్రస్తావన వస్తుంది. మార్కు సువార్త మొదటి అధ్యాయం ప్రకారం యేసు ఇంకా చీకటి ఉండగానే లేచి ఏకాంత స్థలానికి వెళ్ళి ప్రార్థించాడు. మత్తయి సువార్త 6వ అధ్యాయం ప్రార్థన మనుష్యుల మెప్పు కొరకు చేయరాదని, మాటలు విస్తరించినంత మాత్రాన అది వినబడదని హెచ్చరిస్తుంది. పరలోక ప్రార్థన కూడా ఈ అధ్యాయంలోనే ఉన్నది.

తొలి సంఘాల బోధనా గ్రంథమైన 'డిడాకే' పరలోక ప్రార్థనను రోజుకు మూడుసార్లు చెప్పవలెనని నియమించినది. 6వ శతాబ్దంలో బెనెడిక్టు తన మఠవాసులకు ప్రార్థన, చేతిపని, పఠనం అనే మూడింటినీ ఒకే దినచర్యలో ఇమిడ్చాడు. 1549లో ఇంగ్లండు సంఘం వెలువరించిన ప్రార్థన పుస్తకం మఠాల్లోని అనేక ప్రార్థనా వేళలను ఉదయ, సాయంకాల ప్రార్థనలుగా కుదించి సామాన్య జనానికి అందుబాటులోకి తెచ్చినది.

పశ్చిమ ప్రకాశం చరిత్రను అర్థం చేసుకోవడానికి ముఖ్యమైన భాగం ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయం. నిర్గమకాండంలో విశ్రాంతి దినానికి కారణంగా సృష్టిక్రమాన్ని చెప్పగా, ఇక్కడ ఐగుప్తులోని దాసత్వాన్ని కారణంగా చెప్పారు. ఒకప్పుడు మీరు దాసులు గనుక మీ దాసదాసీలకు కూడా విశ్రాంతి ఉండవలెనన్నది ఆ ఆజ్ఞ సారాంశం.

ప్రాంత నేపథ్యం

మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాలు పూర్వం కర్నూలు జిల్లాలో ఉండేవి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరాయి. ఆ జిల్లాకు 1972లో ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు. నల్లమల కొండలను ఆనుకొని ఉన్న ఈ ప్రాంతం వర్షాభావానికి పెట్టింది పేరు. కంభం చెరువు కింది మాగాణిని మినహాయిస్తే వ్యవసాయం చాలావరకు వర్షాధారం. మార్కాపురం పలకల పరిశ్రమకు ప్రసిద్ధి. నల్లమలలో పుట్టి కంభం చెరువును నింపే గుండ్లకమ్మ నది తూర్పుగా ప్రవహించి ఒంగోలు సమీపాన సముద్రంలో కలుస్తుంది. ఈ ప్రాంతపు బాప్తిస్టు సంఘాల చరిత్ర కూడా ఒంగోలుతోనే ముడిపడి ఉన్నది.

ఒంగోలు ప్రార్థన కొండ

అమెరికన్ బాప్తిస్టులు 1840లో నెల్లూరులో తెలుగు మిషన్‌ను స్థాపించారు. చాలా ఏళ్ళపాటు ఫలితం స్వల్పంగా ఉండడంతో దానిని మూసివేయాలన్న ప్రతిపాదనలు ఒకటికి రెండుసార్లు వచ్చాయి. అటువంటి పరిస్థితిలో 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున లైమన్ జూయెట్, ఆయన భార్య, తెలుగు విశ్వాసులైన క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు అనే ఐదుగురు ఒంగోలులోని ఒక కొండపైకి ఎక్కి, ఆ ఊరికి ఒక బోధకుణ్ణి పంపవలెనని ప్రార్థించారు. ఈ కొండకు తరువాత ప్రార్థన కొండ అనే పేరు వచ్చినది.

జాన్ ఎవరెట్ క్లౌ 1865లో భారతదేశానికి వచ్చి, 1866లో ఒంగోలులో స్థిరపడ్డాడు. అంటే ఆ ప్రార్థనకు, బోధకుని రాకకు మధ్య 12 సంవత్సరాలు గడిచాయి. తెలుగు బాప్తిస్టు సంఘాల్లో ఓపికతో కొనసాగించవలసిన ప్రార్థనకు ఉదాహరణగా ఈ సంఘటనను చెప్పడం ఆనవాయితీ. ఆ ఐదుగురిలో ముగ్గురు స్త్రీలు కావడం, ముగ్గురు తెలుగువారు కావడం గమనించదగిన విషయం.

యెర్రగుంట్ల పేరయ్య

ఒంగోలుకు పడమరగా సుమారు 40 మైళ్ళ దూరంలోని తాళ్ళకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య మాదిగ కులస్థుడు, తోళ్ళ వ్యాపారి. క్రైస్తవుడు కాకముందే ఆయన రాజయోగ మార్గంలో సాధన చేసినవాడు. బండికట్ల వీరమ్మ అనే గురువు వద్ద ఉపదేశం పొంది, తానూ కొందరికి బోధించాడు. వ్యాపారం మీద ఉత్తరాదికి వెళ్ళినప్పుడు ఏలూరులో క్రైస్తవ బోధ విన్నాడు. 1866లో బాప్తిస్మం పొందాడు. ఈ వివరాలను ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన 'వైల్ సోయింగ్ శాండల్స్' అనే గ్రంథంలో నమోదు చేసింది.

పేరయ్య చరిత్ర వల్ల ఒక విషయం స్పష్టమవుతుంది. నిశ్చలంగా కూర్చోవడం, మనస్సును నిలపడం, గురువు చెప్పినదాన్ని రోజూ మననం చేయడం వంటి అభ్యాసాలు ఈ ప్రాంతపు శ్రామిక కులాల్లో మిషనరీల రాకకు ముందే ఉన్నవి. ప్రార్థన ఎవరికి చేయాలన్నది మారినది గాని, ప్రార్థనకు కూర్చొనే అలవాటు అప్పుడే మొదలైనది కాదు.

ఒంగోలు సంఘం 1867 జనవరి 1న 8 మంది సభ్యులతో ఏర్పడినది. అదే నెలలో క్లౌ తాళ్ళకొండపాడు వద్ద కొన్ని రోజులు మకాం చేసి బోధించగా 28 మంది బాప్తిస్మం పొందారు. పేరయ్య బోధకుడిగా చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగాడు.

ఆదివారం, వెట్టి

క్లౌ కొత్త విశ్వాసులకు విధించిన ప్రధాన నియమాలు మూడు. ఆదివారం పని చేయరాదు. చచ్చిన పశువుల మాంసం తినరాదు. విగ్రహాలను పూజించరాదు. వీటిలో మొదటిది పైకి తేలికగా కనిపించినా, ఆచరణలో మిక్కిలి కష్టమైనది.

ఆనాటి గ్రామ వ్యవస్థలో మాదిగలు రైతులకు చెప్పులు, మోట తోలడానికి కావలసిన తోలు సామగ్రి సమకూర్చేవారు. చచ్చిన పశువులను తొలగించేవారు. జాతరల్లో డప్పు కొట్టేవారు. కబురు వచ్చిన వెంటనే వెట్టికి పోయేవారు. ప్రతిఫలంగా కళ్ళంలో కొంత ధాన్యం లభించేది. ఈ ఏర్పాటులో వారికి సెలవు దినమంటూ లేదు. ఏడు రోజుల్లో ఒక రోజు పనికి రామని చెప్పడం, జాతరకు డప్పు కొట్టమని చెప్పడం గ్రామ పెద్దలకు ధిక్కారంగా తోచినది. అనేక పల్లెల్లో క్రైస్తవులను బావుల వద్దకు, బజారుకు రానీయకపోవడం, వారిపై వ్యాజ్యాలు వేయడం జరిగినట్లు క్లౌ ఆత్మకథ 'సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్' (1914) తెలుపుతున్నది.

ఒక్కడే ఆదివారం పని మానితే అతనికి గింజలు ఆగిపోతాయి. పేటంతా కలిసి మానితే రైతులు ఏదో ఒక రాజీకి రావలసి వచ్చేది. అందువల్ల ఆదివార ఆరాధనకు హాజరు కావడం వ్యక్తి ఇష్టానికి విడిచిన విషయంగా కాక, పేట పెద్దలు బాధ్యత వహించే విషయంగా రూపొందినది. సంఘ క్రమశిక్షణ అనే మాటకు ఈ ప్రాంతంలో ఉన్న బరువు ఇక్కడి నుండే వచ్చినది.

1876-78 కరువు

1876-78 మధ్య వచ్చిన మహాకరువును ధాత కరువు అని అంటారు. ఈ కాలంలో క్లౌ బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని గుత్తకు తీసుకొని వేలమందికి పని కల్పించాడు. బోధకులు మేస్త్రీలుగా ఉండి పని చేయించారు. పని మధ్య విశ్రాంతి వేళల్లో కూలీలతో మాట్లాడి, ప్రార్థించేవారు.

కూటి కోసం మతంలో చేరుతున్నారన్న మాట రాకూడదని క్లౌ కరువు కాలంలో సుమారు 15 నెలలపాటు బాప్తిస్మాలు నిలిపివేశాడు. సహాయ కార్యక్రమాలు ముగిసిన తరువాత 1878లో తిరిగి ప్రారంభించాడు. ఆ సంవత్సరం జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతుల వారీగా నదిలో దిగి ఈ కార్యాన్ని నిర్వహించారు. 1878 చివరికి ఆ సంఖ్య 9,606కు చేరినది.

ఇంతమంది ఒక్కసారిగా చేరడంతో, వారిలో అత్యధికులు నిరక్షరాస్యులు కావడంతో, ప్రార్థన నేర్పడం పెద్ద సమస్య అయినది. ఈ సమస్యకు చూపిన పరిష్కారమే తరువాతి కాలపు పల్లె ప్రార్థనా క్రమం.

కంభం, మార్కాపురం కేంద్రాలు

పశ్చిమాన విస్తరిస్తున్న సంఘాల పర్యవేక్షణకు కంభంలో 1882లో, మార్కాపురంలో 1895లో, దొనకొండలో 1903లో బాప్తిస్టు మిషన్ కేంద్రాలు ఏర్పడినవి. బోధకుల శిక్షణకు రామాపట్నంలో 1872 నుండి వేదాంత పాఠశాల నడిచినది. తెలుగు బాప్తిస్టు సంఘాల సమాఖ్య 1962లో ఏర్పడినది.

పల్లెల్లో బోధకుడే తరచుగా బడిపంతులు కూడా. పగటి పూట పిల్లలకు అక్షరాలు నేర్పి, రాత్రి పెద్దలను కూడగట్టి కీర్తన పాడించి, ఒక వాక్యభాగం చదివి వివరించి, ప్రార్థించేవాడు. కూలి జనం పొలాల నుండి తిరిగివచ్చి, గంజి తాగిన తరువాతనే కూడటానికి వీలయ్యేది గనుక రాత్రి వేళ స్థిరపడినది. బోధకులు నియమిత కాలాల్లో మిషన్ కేంద్రంలో సమావేశమై తమ పల్లెల స్థితిగతులు చెప్పుకొని, పాఠాలు నేర్చుకొని తిరిగి వెళ్ళేవారు.

1904-05లో వేల్స్‌లోను, ఖాసీ కొండల్లోను వచ్చిన ఉజ్జీవం ప్రభావం 1906లో తెలుగు బాప్తిస్టు సంఘాలకు చేరినది. పాపపు ఒప్పుకోలుతో కూడిన సుదీర్ఘ ప్రార్థనా కూటాలు అప్పటి నుండి ప్రాచుర్యంలోకి వచ్చాయి. అంతకు ముందే, 1858లో లూథియానాలోని మిషనరీలు పంపిన పిలుపును అనుసరించి 1860 జనవరిలో మొదలైన ప్రార్థనా వారం అనేక దేశాల సంఘాల్లో వార్షిక ఆచారమైనది.

గిద్దలూరు ఆంగ్లికన్ సంప్రదాయం

గిద్దలూరు వైపు ఎస్.పి.జి. అనే ఆంగ్లికన్ మిషన్ పనిచేసినది. ముత్యాలపాడు, కలసపాడు, నంద్యాల దీని ఇతర కేంద్రాలు. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో అధిక భాగం అందులో చేరలేదు. 1970వ దశకంలో చేరారు. నంద్యాల అధ్యక్షమండలం పరిధిలోనే గిద్దలూరు సంఘాలు ఉన్నవి.

ఇక్కడి పద్ధతి బాప్తిస్టుల పద్ధతికి భిన్నమైనది. బాప్తిస్టులు అప్పటికప్పుడు సొంత మాటల్లో ప్రార్థిస్తారు. ఆంగ్లికన్లు ప్రార్థన పుస్తకంలోని నిర్ణీత వాక్యాలను, దినానికి తగిన కీర్తనలను, పాఠాలను అనుసరిస్తారు. మొదటి పద్ధతిలో హృదయ స్వేచ్ఛ ఎక్కువ. రెండవ పద్ధతిలో మనస్సు బాగుండని రోజున కూడా ప్రార్థన ఆగదు. ఒకే కుటుంబంలో వివాహ సంబంధాల వల్ల ఈ రెండు పద్ధతులూ కలవడం ఈ ప్రాంతంలో అరుదు కాదు.

కీర్తనలు, కంఠస్థం

చదువు రానివారికి కీర్తనే ప్రార్థన పుస్తకమైనది. పురుషోత్తమ చౌదరి (1803-1890) మొదలైనవారు కర్ణాటక రాగతాళాల్లో రచించిన పాటలు 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' సంకలనం ద్వారా శాఖాభేదం లేకుండా అన్ని సంఘాలకు చేరినవి. భజన పద్ధతిలో ఒకరు పాడగా తక్కినవారు అందుకోవడం వల్ల పిల్లలకు కూడా అవి నోటికి వచ్చేవి. పరలోక ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం కంఠస్థం చేయించడం బాప్తిస్మానికి ముందు ఇచ్చే శిక్షణలో భాగం. నేలలో కలుపు తీస్తూ, దారిలో నడుస్తూ పాడుకోగలిగిన ప్రార్థనకు వేరుగా సమయం కేటాయించనవసరం లేదు.

స్త్రీల పాత్ర

స్త్రీలకు బోధించడానికి నియమితులైన బైబిలు స్త్రీలు ఇల్లిల్లూ తిరిగి వాక్యం చదివి ప్రార్థించేవారు. స్త్రీల సమాజాలు వారానికొకసారి ఒక్కొక్క ఇంట కూడుతాయి. వంటకు బియ్యం తీసిన ప్రతిసారి ఒక పిడికెడు వేరుగా తీసిపెట్టి ఆదివారం సంఘానికి అర్పించే ఆచారం తెలుగు సంఘాల్లో ప్రసిద్ధమైనది. డోర్నకల్ అధ్యక్షుడు వి.ఎస్. అజరయ్య (1874-1945) దీనిని విశేషంగా ప్రోత్సహించాడు. బియ్యం తీసే ఆ క్షణంలో చిన్న ప్రార్థన చేసుకోవడం వల్ల, రోజూ తప్పని వంట పనే ప్రార్థనకు గుర్తుచేసే గంటగా మారినది.

వార, వార్షిక క్రమం

ఈ ప్రాంతపు సంఘాల్లో సాధారణంగా కనిపించే క్రమం ఈ విధంగా ఉంటుంది.

• దినచర్య: వేకువ ప్రార్థన, రాత్రి భోజనానంతరం కుటుంబ ప్రార్థన.
• వారం: ఆదివార ఆరాధన, వారం మధ్యలో ఇళ్ళలో గృహ ప్రార్థన, శుక్రవారం ఉపవాస ప్రార్థన.
• నెల: రాత్రంతా జరిగే జాగరణ ప్రార్థన కొన్ని సంఘాల్లో ఉన్నది. భక్తసింగ్ (1903-2000) స్థాపించిన సహవాసాలు ఈ అలవాటు వ్యాప్తికి దోహదం చేసాయి.
• సంవత్సరం: డిసెంబరు 31 రాత్రి కూటం, శ్రమల దినాలు అని పిలిచే 40 రోజులు, శుభ శుక్రవారం ఏడు మాటల ధ్యానం, కోతల అనంతరం కృతజ్ఞతార్పణ.

క్రమాన్ని అలవరచుకొనే విధానం

అనుభవజ్ఞులైన బోధకులు చెప్పే సూచనలు చాలావరకు పై చరిత్రకు అనుగుణంగానే ఉంటాయి.

1. వేళను పనిని బట్టి నిర్ణయించుకోవాలి. కూలికి తెల్లవారుజామున బయలుదేరేవారికి రాత్రి వేళ, రాత్రి విధులు చేసేవారికి పగటి వేళ అనుకూలం. ఇతరుల వేళను అనుకరించడం వల్ల క్రమం నిలవదు.
2. చిన్నగా ప్రారంభించాలి. రోజూ పది నిమిషాలు తప్పక చేయడం, వారానికొకసారి రెండు గంటలు చేయడం కంటే మేలు.
3. ఒక వరుసను పాటించాలి. స్తుతి, పాపపు ఒప్పుకోలు, కృతజ్ఞత, ఇతరుల కొరకు విజ్ఞాపన, చివరగా సొంత విన్నపం అనే క్రమం ఎక్కువగా వాడుకలో ఉన్నది. సొంత విన్నపం చివరకు ఉండడం ఉద్దేశపూర్వకమే.
4. ప్రార్థనకు ముందు బైబిలు భాగం గాని కీర్తన గాని చదవాలి. మాటలు తోచనప్పుడు చదివిన భాగమే ప్రార్థనకు విషయాన్ని అందిస్తుంది.
5. విజ్ఞాపన అంశాలను నోటు పుస్తకంలో తేదీతో వ్రాసుకోవాలి.
6. తోడు ఉండాలి. కుటుంబం, పొరుగువారు లేదా ఒక స్నేహితుడు ఎదురుచూస్తున్నారని తెలిస్తే మానివేయడం కష్టం.
7. ఒక రోజు తప్పితే మరునాడు మామూలుగానే కొనసాగించాలి. తప్పిన రోజుకు బదులుగా రెట్టింపు చేయబూనడం క్రమాన్ని బరువుగా మారుస్తుంది.

సమస్యలు, విమర్శలు

నియమం యాంత్రికంగా మారే ప్రమాదం ప్రధానమైన విమర్శ. అలసిన శరీరానికి నిద్ర ముంచుకురావడం, ఒకే మాటలు మళ్ళీ మళ్ళీ వల్లించడం, గొంతు హెచ్చులో భక్తిని కొలవడం వంటివి బోధకులు తరచుగా ప్రస్తావించే లోపాలు. ఉపవాసం విషయంలో మధుమేహం వంటి వ్యాధులున్నవారు, గర్భిణులు వైద్యుని సలహా తీసుకోవలెను. ప్రార్థన వైద్యానికి ప్రత్యామ్నాయం కాదని బాధ్యత గల కాపరులు హెచ్చరిస్తారు.

కరువు కాలాల్లో పనుల కోసం దూర ప్రాంతాలకు వలసపోవడం పశ్చిమ ప్రకాశంలో కొత్త కాదు. వలస కుటుంబానికి మందిరం, గంట, పొరుగు తోడు అన్నీ ఒక్కసారిగా దూరమవుతాయి. అప్పుడు నోటికి వచ్చిన కీర్తనలు, కుటుంబ ప్రార్థన మాత్రమే వెంట ఉంటాయి. సెల్‌ఫోన్ ద్వారా ఊరివారితో కలిసి ప్రార్థించే అవకాశం ఇప్పుడు వచ్చినది. అదే ఫోను ప్రార్థన సమయాన్ని మింగివేస్తున్నదన్న ఫిర్యాదు కూడా ఉన్నది.

మరొక విమర్శ సామాజికమైనది. క్రమబద్ధమైన ప్రార్థన మనిషిని లోకవ్యవహారాల నుండి దూరం చేస్తుందని కొందరి వాదన. యెషయా గ్రంథం 58వ అధ్యాయం బంధకాలను విప్పని ఉపవాసాన్ని తిరస్కరిస్తుంది. 19వ శతాబ్దపు పశ్చిమ పల్లెల్లో ప్రార్థనా వేళ వెట్టిని ప్రశ్నించడానికి కారణమైనది. ఆ చరిత్రను గుర్తుంచుకొన్నచోట ప్రార్థన, తోటివాని విశ్రాంతి హక్కు అనే రెండూ వేరు వేరు విషయాలు కావు. తన ఇంట పనిచేసే మనిషికి, తన పొలంలో కూలికి వచ్చే మనిషికి కూడా ఆ వేళ దొరుకుతున్నదా అన్న ప్రశ్న ఈ క్రమాన్ని పాటించే ప్రతి కుటుంబానికీ వర్తిస్తుంది.

ఇవి కూడా చూడండి

• ప్రార్థన కొండ, ఒంగోలు
• జాన్ ఎవరెట్ క్లౌ
• పురుషోత్తమ చౌదరి
• ధాత కరువు
• గుండ్లకమ్మ నది
• కంభం చెరువు